పద్నాలుగో నంబరు పట్టుచీర

నవంబరు 3, సోమవారం

పెదనాన్న ఫోన్ చేశారు. నాయనమ్మ సంవత్సరీకం ఈ నెల ఇరవై ఆరున, ఇబ్రహీంపట్నంలో ఆయన కొత్తింట్లో. ఆ రోజుకి నేను రెండు పనులు చేసి పెట్టాలట. ఒకటి, పెద్దకర్మకి నేను చేసిన నాయనమ్మ ఫోటోనే హాల్లో పెట్టడానికి నిలువెత్తు ప్రింటు. రెండు, వచ్చినవాళ్ళకి పంచడానికి ఎనిమిది పేజీల పుస్తకం. పేరు కూడా ఆయనే పెట్టేశారు, ‘మా వంశం’ అని.

“ఇంట్లో నువ్వుండగా బయటివాళ్ళకి ఇవ్వడమేంటమ్మా,” అన్నారు.

సరేనన్నాను. నేను ఆల్బమ్ డిజైనర్ని. బెంజ్ సర్కిల్ దగ్గర మా ల్యాబ్‌లో రోజుకి రెండు పెళ్ళిళ్ళు, ఒక ఓణీల ఫంక్షను, ఒక చావు నా సిస్టమ్ మీంచి వెళ్తాయి. ఇదీ అలాంటిదే. రెండు గంటల పని.

నాయనమ్మ పోయాక ఆ ఫోటో ఫైలు మళ్ళీ తెరవలేదు. అవసరం పడలేదు, అంతే.

నవంబరు 4

తెరిచాను. వెంటనే మూసేశాను. ల్యాబ్‌లో కరెంటు సరిగా లేదు.

నవంబరు 5

కరెంటు బాగానే ఉంది.

నవంబరు 6, గురువారం

రాసేద్దాం. ఎవరు చూడొచ్చారు గనక.

పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలంటే నాయనమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఉన్నది ఆధార్ కార్డు మీదదే. అందులో ఆవిడ దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు ఉంటుంది. ఆధార్‌లో అందరం అంతే. మా ల్యాబ్‌కి ఇలా వచ్చేవాళ్ళు చాలామంది. కార్డు మీది ముఖం తెస్తారు, దాన్ని మేం మా దగ్గరున్న ఒంటికి అతికిస్తాం. వాటిని ల్యాబ్‌లో ‘బాడీలు’ అంటాం. నలభై రెండున్నాయి. మగవాళ్ళకి కోటు, కండువా, ఖాకీ. ఆడవాళ్ళకి పద్నాలుగో నంబరు. సింహం తలలు చెక్కిన కుర్చీ, ఆవపిండి రంగు పట్టుచీర, మెరూన్ అంచు, మెడలో మూడు వరసలు, ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న తెల్లటి చేతులు, కుడి చేతికి రెండు రాళ్ళ ఉంగరం. 

“పద్నాలుగు పెట్టెయ్యమ్మా. చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, ఇంక మార్పులు అడగరు,” అంటారు మా ఓనరు లక్ష్మీకాంత్‌గారు. నిజమే, ఎవరూ అడగలేదు.

నాయనమ్మకీ పద్నాలుగే పెట్టాను.

ఇంకొకటి కూడా చేశాను. నాయనమ్మకి నడినెత్తిన అరచేతి మేర జుట్టు లేదు. చేపల గంప మోసీ మోసీ పోయింది. ఆధార్ ఫోటోలో తల కొంచెం వంచింది కాబట్టి అది కనిపిస్తోంది. చెవి పక్కనించి జుట్టు తీసుకుని అక్కడ నింపేశాను. పది నిమిషాలు పట్టింది. పాపిడి కూడా తీశాను. చాలా నీటుగా వచ్చిందని క్రిస్టినాని పిలిచి చూపించాను కూడా. క్రిస్టినాది నా పక్క సిస్టమ్.

పెద్దమ్మ ఆ ఫ్లెక్సీ చూసి, “మహాలక్ష్మిలా ఉందే,” అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దేనికని ఎవరూ అడగలేదు.

నాకేం బాధ లేదు. పని చేశాను.

నవంబరు 8, శనివారం

పుస్తకంలో వేయాల్సిన మేటరు పెదనాన్న వాయిస్ మెసేజీలుగా పంపారు. పదకొండు. మాది ‘తరతరాల సముద్ర వ్యాపార కుటుంబం’ అట. తాతయ్య ‘పడవల యజమాని’ అట. తాతయ్య పక్కవాళ్ళ పడవ మీద వల లాగేవాడు, అది కూడా ఒంట్లో బాగున్న రోజుల్లోనే. తాతయ్య సంగతి పోనీ, నేను చూడలేదు. నాయనమ్మ గురించి ఇదిగో:

“శ్రీమతి సన్యాసమ్మగారు. గృహిణి. దైవభక్తురాలు.”

పైకే నవ్వాను. క్రిస్టినా తిరిగి చూసింది.

గృహిణి. ఆ గృహంలో ఆవిడ ఉన్నదెప్పుడు? నేను నాయనమ్మ దగ్గరే పెరిగాను, గిలకలదిండిలో. నేను లేచేసరికి పక్క ఖాళీ. అప్పటికే హార్బరులో చేపల వేలంపాటకి వెళ్ళి, సరుకు పాడుకుని, ఐసు వేయించుకుని, బందరులో మొదటి బస్సు ఎక్కేసి ఉండేది. పామర్రులో దిగి వీధి వీధీ తిరిగేది. కండక్టరు గంపలోంచి నీళ్ళు కారుతున్నాయని గొణిగితే, “సముద్రం కూడా టిక్కెట్టు కొనుక్కుందిలే నాయనా,” అనేదిట. బళ్ళోంచి నేను వచ్చేసరికి వచ్చేది. చుట్టకుదురు, అదే నెత్తి మీద గంప కింద పెట్టుకునే గుడ్డ చుట్ట, ఉతికి దండెం మీద వేసేది. తన చీర ఆరేయడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ అది మరిచిపోయిన రోజు లేదు.

పెదనాన్నకి ఫోన్ చేశాను.

“గృహిణి ఏంటి పెదనాన్నా?”

“మరేం రాస్తావు?”

“చేపలమ్మేదని.”

 ఆయన గొంతు తగ్గించారు. “మా మణిగాడి సంబంధం సంగతి తెలుసుగా. ఏడాది దాటకుండా శుభకార్యం కూడదని ఆగాం. పిల్ల తండ్రి తాతారావుగారు వాళ్ళు కూడా ఆ రోజు వస్తున్నారు. రొయ్యల ఎగుమతి వాళ్ళది. చదివితే ఏమనుకుంటారు?”

“వాళ్ళూ మనవాళ్ళేగా. మన కులమేగా.”

“అందుకే,” అన్నారు.

నవంబరు 9

అమ్మ అంది: “ఆయన పట్టుబట్టి చేర్పించకపోతే నువ్వా డిజైనింగ్ కోర్సు చేసేదానివా? మీ నాన్న పోయాక మనల్ని చూసింది ఎవరే? ఒక్క మాట దగ్గర ఎందుకు పట్టుదల?”

అమ్మ చెప్పింది న్యాయమే. అయినా ఒక్క మాటే అయితే ఆయన వదిలేయొచ్చుగా.

నవంబరు 12

మూడో పేజీ అయింది. ‘గృహిణి’ ఉండాల్సిన చోట ఖాళీ పెట్టాను.

నవంబరు 13

“ఆ ఖాళీ ఏంటమ్మా?” అని పెదనాన్న. 

ఫాంటు సమస్య అన్నాను. ఎన్ని అబద్ధాలు చెప్పినా ఫాంటు పాపం ఏమీ అనదు.

నవంబరు 14, శుక్రవారం

ఉన్నట్టుండి గుర్తొచ్చింది. నాయనమ్మ ఎప్పుడూ అంటూ ఉండేది, “నన్ను ఫోటో తీశారే, రంగుల్లో. పామర్రులో శివపార్వతమ్మగారింట్లో.” ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు. “నిన్నెవరు తీస్తారే అమ్మా,” అనేవారు పెదనాన్న. ఆవిడ మాత్రం ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేది. 

నేనూ నవ్వాను. రోజంతా ఫోటోలతోనే ఉంటాను, అది ఎక్కడుందో చూద్దామని ఒక్కసారీ అనిపించలేదు.

ఆదివారం పామర్రు వెళ్తాను.

నవంబరు 16, ఆదివారం

వివరంగా రాయాలి, మరిచిపోతే నన్ను నేనే తిట్టుకోవాల్సి వస్తుంది.

ఉయ్యూరు దాటాక దారంతా మొన్నటి తుఫానుకి పడిపోయిన వరి. బస్సు దిగి చేపల మార్కెట్టులో అడిగాను. ఒక ముసలమ్మ కత్తిపీట మీంచి లేవకుండానే నన్ను ఎగాదిగా చూసి, “బందరు సన్యాసి మనవరాలివా?” అని దారి చెప్పింది. 

శివపార్వతిగారికి అరవై అయిదు దాటి ఉంటాయి. పెద్ద రైతు కుటుంబం. మోకాళ్ళ నొప్పి, కుర్చీ పట్టుకుని నడుస్తున్నారు. విషయం చెప్పగానే సోఫాలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు.

“పోయిందా? ఎప్పుడు? ఎవరూ చెప్పలేదేంటమ్మా,” అని కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. 

ఫోన్లో నేను చేసిన ఫోటో చూపించాను. దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

“ఎవరమ్మా ఈవిడ?”

“నాయనమ్మేనండీ.”

“కాదు,” అని ఫోన్ నా చేతికి ఇచ్చేశారు.

అంతే. పద్నాలుగో నంబరుని కాదన్న మొదటి మనిషి. నాకు కోపం రావాలి, హాయిగా అనిపించింది. ఎందుకో తర్వాత ఆలోచిస్తాను.

బీరువాలోంచి ఆల్బమ్ తీశారు. వాళ్ళబ్బాయి బాబీ అన్నప్రాసన, 1986. అన్ని ఫోటోల్లోనూ పట్టుచీరలే, అన్నీ ఎర్రబడిపోయాయి. ఆఖరి పేజీలో ఉంది.

ఇంటి ముందు మెట్లు. రెండో మెట్టు మీద నాయనమ్మ. పక్కన గంప. నెత్తి మీద చుట్టకుదురు అలాగే ఉంది, తీయలేదు. రెండు చేతులా ఒక పండుగప్ప చేపని పట్టుకుని, కప్పు గెలిచిన ఆటగాళ్ళు చూపిస్తారే, అలా కెమెరాకి చూపిస్తోంది. పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆ వయసు నాయనమ్మని నేను ఎప్పుడూ చూడలేదు. ముక్కు నాదే. ధీమా మాత్రం నాకు లేదు.

“రీల్లో ఒకటి మిగిలిందన్నాడు ఫోటోగ్రాఫరు,” అన్నారు శివపార్వతిగారు. “మేమంతా లోపలికి వెళ్ళిపోయాం. ఈవిడ అప్పుడే గంప దించింది. నన్ను తియ్యవయ్యా అందంట వాడితో. ఇట్లాగేనా అన్నాడంట. ఇట్లా కాక ఎట్లా అందంట. వాడు నవ్వుకుని తీశాడు.”

నన్ను తియ్యవయ్యా.

ఎవరో జాలిపడి తీశారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆవిడే అడిగి తీయించుకుంది.

“మరి నాయనమ్మ ఇది చూసిందా అండీ?”

“చూసింది. ఒక కాపీ ఇవ్వండమ్మా అనేది, వచ్చినప్పుడల్లా. ఇస్తాలే అనేదాన్ని. ఏదో పనిలో పడి…”

“ఎన్నేళ్ళడిగింది?”

ఆవిడ ఆల్బమ్ వంక చూశారు. “రావడం మానేసేదాకా అడిగిందమ్మా.”

నాకు ఒళ్ళు మండింది. “ఒక్క కాపీయేగా అండీ,” అన్నాను.

“ఒక్క కాపీయే,” అన్నారు. ఇంకేం సర్దిచెప్పుకోలేదు. కాసేపటికి, “లోపలికి రమ్మంటే వచ్చేది కాదు, మెట్ల మీదే కూర్చునేది,” అన్నారు. రమ్మన్నారో లేదో నాకు తెలియదు. ఆ ఇంటికి అయిదు మెట్లు. నాయనమ్మ కూర్చున్నది రెండో మెట్టు మీద. నన్ను సోఫాలో కూర్చోబెట్టడానికి వాళ్ళకి నలభై ఏళ్ళు పట్టింది.

ఇంకొకటి చెప్పారు. పెదనాన్న చదివింది పామర్రు హైస్కూల్లోనే, హాస్టల్లో ఉండి. ఆ ఏళ్ళన్నీ నాయనమ్మ బడి ఉన్న వీధిలోంచి వచ్చేది కాదట. కాలవగట్టు మీంచి చుట్టూ తిరిగి వచ్చేదట. “ఎందుకే అంత ఎండలో అని అడిగితే, బడి ముందునించి రావద్దన్నాడమ్మా మావాడు, స్నేహితులుంటారు కదా, అనేది. నవ్వుతానే చెప్పేది.”

లేచేటప్పుడు ఆవిడే ఆల్బమ్‌లోంచి ఫోటో లాగారు. వెనక బంక గట్టిగా పట్టేసి ఒక మూల ఆల్బమ్‌లోనే ఉండిపోయింది. “ఇది నీదే. ఆలస్యం చేశాను,” అన్నారు. 

థాంక్స్ చెప్పాను. క్షమించానని చెప్పలేదు. అది నేను చెప్పేది కాదు.

నవంబరు 17, సోమవారం

స్కాన్ చేశాను. ఎరుపు తగ్గించాను, అంతే. చీర ఆకుపచ్చ అని తెలిసింది. చుట్టకుదురు లేత నీలం గుడ్డ. దాని మీద గోరంత నల్ల మచ్చ. ప్రింటు లోపమో, బూజో. అలవాటుకొద్దీ తీసేద్దామని టూల్ పెట్టాను. చెయ్యి ఆపేశాను.

ఈసారి దేన్నీ తీయను, దేన్నీ నింపను.

లక్ష్మీకాంత్‌గారు వెనకనించి చూసి, “ఆ గంప క్రాప్ చేసెయ్యమ్మా, బాగుంటుంది,” అన్నారు. వినపడనట్టు ఊరుకున్నాను.

నవంబరు 20, గురువారం

ఫోటో ఫ్రేము కట్టించి పెదనాన్న ఇంటికి తీసుకెళ్ళాను. సంతోషిస్తారని కాదు. అవును, కొంచెం అనుకున్నాను.

కవరు సగం తెరిచారు. గంప కనపడగానే మూసేసి బల్ల మీద బోర్లా పెట్టారు. 

“ఎక్కడిదిది?”

చెప్పాను.

“చాలా కష్టపడ్డావు. ఇంటికి తీసుకెళ్ళి నీ దగ్గర పెట్టుకో. మా హాల్లో ఇది ఉండదు.”

“ఎందుకుండదు?”

“మా అమ్మ పడ్డ కష్టం నలుగురికీ చూపించుకోవాలా? ఆవిడ చేత ఆ గంప దింపించడానికేగా నేనింత చేసింది. చచ్చాక కూడా మోయిస్తావా?”

 ఆ మాటలో అబద్ధం లేదు, నాకు తెలుసు. అక్కడ నేను ఆగాల్సింది. ఆగలేదు.

“కష్టమని ఆవిడెప్పుడైనా అందా పెదనాన్నా? తనే అడిగి తీయించుకుంది. చూడండి, ఎట్లా నవ్వుతోందో. మోయడం ఆవిడకి కష్టమేమో గానీ సిగ్గు కాదు. కాలవగట్టు మీంచి తిప్పించింది మీరు.”

“ఎవరు చెప్పారు?”

 ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఎంతసేపు కూర్చున్నా మళ్ళీ బయటికి రాలేదు. పెద్దమ్మ మాత్రం ఎప్పటిలాగే గిన్నెలో కూర సర్ది ఇచ్చి, “సంవత్సరీకానికి ఈసారి అంతా శాకాహారమేనే, క్యాటరింగ్ చెప్పేశారు,” అంది నేల చూస్తూ. 

నాయనమ్మకి శాకాహారం. మా ఇళ్ళల్లో పెద్దలకి పెట్టేటప్పుడు చేపల పులుసు లేని విస్తరి నేనెరగను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందా? ఉండాల్సిందే. మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెడితే మళ్ళీ అంటానా? అంటాను.

నవంబరు 21

పెదనాన్న కొడుకు మణికుమార్ మెసేజ్: “అక్కా, నాన్న నా ఫోన్లో ఉన్న ఫ్లెక్సీ ఫైలుతోనే వేరేచోట పెద్ద ప్రింటు వేయించేశారు. పుస్తకం ఇప్పుడొద్దట. సారీ అక్కా.”

నవంబరు 22

వెళ్ళను.

నవంబరు 23

వెళ్ళనని అమ్మకి చెప్పేశాను. అమ్మ సరేనంది.

నవంబరు 25

చీర ఇస్త్రీ చేసుకున్నాను. రేపు పొద్దున్నే పండుగప్ప తెమ్మని మార్కెట్టులో చెప్పొచ్చాను. అమ్మ చింతపండు నానబెట్టింది, నేను అడగకుండానే.

నవంబరు 26, బుధవారం

అమ్మా నేనూ వెళ్ళాం. నా భుజాన ఫ్రేము ఉన్న సంచి, చేతిలో పులుసు క్యారేజీ. ఆ ఇంటి మేడ మీంచి థర్మల్ స్టేషన్ గొట్టాలు కనిపిస్తాయి. హాల్లోకి అడుగు పెట్టగానే గోడ నిండా పద్నాలుగో నంబరు. ఆరడుగులు. గులాబీల దండ. ఆ సైజులో చూస్తే మెడ దగ్గర నేను కలిపిన గీత కూడా కనపడుతోంది. నాకే కనపడిందేమో.

పెదనాన్న నన్ను చూశారు. సంచి చూశారు. రమ్మని గానీ పొమ్మని గానీ అనలేదు.

పదకొండింటికి తాతారావుగారు, ఆయన భార్య వచ్చారు. పెదనాన్న ఎదురెళ్ళి తీసుకొచ్చారు. తాతారావుగారు ఫోటోకి దణ్ణం పెట్టుకుని అక్కడే నిలబడిపోయారు. ఎంతకీ కదలరు. భక్తి అనుకున్నాం అందరం. తర్వాత ఆయన ముందుకి వంగి, ఫోటోలో చేతుల దగ్గర ముఖం పెట్టి చూసి, భార్యని పిలిచారు. 

“ఇటు రా. ఇది చూడు.”

ఆవిడ చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తాతారావుగారు జేబులోంచి ఫోన్ తీసి వెతికి పెదనాన్న చేతికిచ్చారు. “పోలరాజుగారూ, తప్పుగా అనుకోకండి. ఈ చేతులు మా అమ్మవండి.”

ఫోన్లో వాళ్ళింటి గోడ. గోడ మీద ఫోటో. అదే సింహాల కుర్చీ, అదే ఆవపిండి రంగు చీర, అదే మెరూన్ అంచు, అవే చేతులు, అదే రెండు రాళ్ళ ఉంగరం. పైన మాత్రం ఇంకో ముసలమ్మ ముఖం. 

గదిలో ఎవరో చిన్నగా నవ్వి దగ్గుగా మార్చేశారు. పెదనాన్న ఫోన్ చూశారు, గోడ చూశారు, మళ్ళీ ఫోన్ చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. ఆ మనిషిని అలా చూడటం నాకు బాగాలేదు. గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. కానీ ఊరుకుంటే ఆయన ఇంకో అబద్ధం వెతుక్కోవాలి, అది నాకు తెలుసు. నేనే ముందుకెళ్ళాను.

“అవి మీ అమ్మగారివీ కాదండీ. మా నాయనమ్మవీ కాదు. రెండు ఫోటోలూ నేనే చేశాను. అది మా ల్యాబ్‌లో పద్నాలుగో నంబరు. చీరల కోసం ఎవరో ఎక్కడో తీయించుకున్న ఫోటో. నా చేత్తో నేను పెట్టినవే అరవై దాకా ఉంటాయి. అన్ని ఇళ్ళల్లోనూ ఆ చేతులకే దండం పెడుతున్నారు.”

అమ్మ నా కొంగు లాగింది. ఆపలేదు.

“మా నాయనమ్మకి నడినెత్తిన జుట్టు లేదు. అది కూడా నేనే నింపాను. గంప మోసిన గుర్తది. నేను చెరిపేశాను. మా పెదనాన్న చెప్పలేదు, నేనే చేశాను. తప్పు నాది.”

తాతారావుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోపం వస్తుందని చూశాను. ఆయన తన చేతులు చూసుకుంటున్నారు.

“మా అమ్మ ఎండు చేపలు చేసేదమ్మా,” అన్నారు. “ఉప్పులో తిప్పీ తిప్పీ వేళ్ళ సందులు ఎప్పుడూ పగిలి ఉండేవి. అన్నం కలిపి పెడితే మాకు ఉప్పగా తగిలేది. ఆ ఫోటో ఇంటికొచ్చిన రోజు మా ఆవిడతో నేనే అన్నాను, చేతులు బాగా వచ్చాయే అని.” ఆవిడ తల వంచుకుంది. ఆయన నా వంక చూశారు. “మరి మీ నాయనమ్మగారి చేతులేవి?”

సంచిలోంచి ఫ్రేము తీశాను. గోడకి ఆనించి, పెద్ద ఫోటో కింద నేల మీద పెట్టాను. 

ఆ హాల్లో నాయనమ్మ ఒక్కతే నవ్వుతోంది, చేప చూపిస్తూ.

పెదనాన్న వచ్చారు. విసిరేస్తారనే అనుకున్నాను, ఒక అడుగు ముందుకి వేశాను కూడా. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నారు. బల్ల మీద బోర్లా పెట్టిన రోజు ఆయన ఇంత చూడలేదు. ఇప్పుడు చూశారు. వేలు తీసుకెళ్ళి ముఖం మీద కాదు, చేప మీద కాదు, నెత్తి మీద ఆ నీలం గుడ్డ మీద పెట్టారు. ఆ నల్ల మచ్చ మీద.

“ఇది నా చొక్కా,” అన్నారు.

ఎవరికీ అర్థం కాలేదు.

“పదో తరగతి చొక్కా. పరీక్షల రోజు పెన్ను కక్కింది జేబులో. ఎంత ఉతికినా పోలేదు. పాతబడితే ఎక్కడో పారేసి ఉంటుందనుకున్నాను.” తాతారావుగారితో చెబుతున్నారో, నాతోనో, ఫోటోతోనో. “దీన్ని నెత్తి మీద పెట్టుకుని ఆ ఊరంతా తిరిగింది.”

ఆ మచ్చ నేను తీసేయబోయాను. టూల్ పెట్టేశాను కూడా.

పెద్ద ఫోటో ఎవరూ దించలేదు. అది అక్కడే ఉంది, దండతో సహా. కానీ విస్తరి వేసే వేళకి పెదనాన్నే ఆ విస్తరిని జరిపి కింది ఫోటో ముందు పెట్టారు. నా వైపు తిరగకుండానే అడిగారు.

“ఆ క్యారేజీలో ఏముంది?”

“పులుసు.”

“ఏం చేప?”

“పండుగప్ప.”

“తియ్యి,” అన్నారు.

నవంబరు 27

ఏమీ రాయాలని లేదు. తిని పడుకున్నాను.

డిసెంబరు 1, సోమవారం

పద్నాలుగో నంబరుని సిస్టమ్ లోంచి తీసేశాను. బ్యాకప్ లోంచి కూడా. లక్ష్మీకాంత్‌గారు మధ్యాహ్నానికి కనిపెట్టారు.

“మతి పోయిందా అమ్మా నీకు? రేపు ఎవరైనా వాళ్ళమ్మ ఆధార్ కార్డు పట్టుకొస్తే ఏం చేస్తావు?”

“ఏం పని చేసేవారండీ మీ అమ్మగారు, అని అడుగుతాను.”

“అడిగితే?”

“చెబుతారు. ఆ పని చేసే చోటుకి వెళ్ళి ఒక ఫోటో తీసుకొచ్చి పక్కన పెడతాం. పొలమైతే పొలం, మిషనైతే మిషన్. ముఖం మాత్రం కార్డులో ఎట్లా ఉందో అట్లాగే. ఒప్పుకోకపోతే చెప్పండి, రేపట్నించి రాను.”

చాలాసేపు విసుక్కున్నారు. రావద్దని మాత్రం అనలేదు. మొదటి కస్టమరు నా దగ్గరికే వస్తాడని నాకు తెలుసు. తాతారావుగారు. ఉప్పు తగిలిన చేతుల ఫోటో ఎక్కడైనా దొరుకుతుందేమోనని రెండుసార్లు ఫోన్ చేశారు. దొరికేదాకా వెతుకుతాను. ఆ ఇంటి గోడ మీద ఆ చేతులు పెట్టింది నేనే.

డిసెంబరు 3

పెదనాన్న నాతో మాట్లాడటం లేదు. మణి చెప్పాడు, పుస్తకం నిశ్చితార్థంలో పంచుతారట. “అక్క ఇష్టమొచ్చినట్టు రాసుకోమను,” అన్నారట. అది అనుమతో, కోపమో అడగలేదు.

ఇష్టమొచ్చినట్టే రాశాను. మూడో పేజీలో మెట్ల మీది ఫోటో పూర్తిగా వేశాను, గంప, నెత్తిన చుట్టకుదురు, మచ్చ, ఆల్బమ్‌లో మూల ఉండిపోయిన ఖాళీతో సహా. కింద: ‘సన్యాసమ్మ. గిలకలదిండి నించి పామర్రు దాకా ముప్పై ఒక్కేళ్ళు చేపలమ్మింది. ఈ ఫోటో తనే అడిగి తీయించుకుంది.’ 

ఇందులో ఒక్క అక్షరం మార్చమన్నా మార్చను. ఫైలు ఆయనకే పంపాను.

డిసెంబరు 4, గురువారం

పొద్దున్నే పెదనాన్న వాయిస్ మెసేజ్. పోట్లాటకి సిద్ధపడి, నడుం బిగించుకుని, చెవిలో పెట్టుకున్నాను.

“హేమా. మూడో పేజీలో ముప్పై ఒక్కేళ్ళని రాశావు. అది తప్పు. ముప్పై నాలుగు. నన్ను ఒకటో క్లాసులో చేర్చిన రోజు మొదలుపెట్టింది. బళ్ళో నా చెయ్యి వదిలి, అటునించటే వెళ్ళి గంప ఎత్తుకుంది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను కిటికీలోంచి చూస్తానే ఉన్నాను. ముప్పై నాలుగు. తెలియకపోతే నన్నడుగు. సరిగ్గా రాయి.”

మార్చాను. ముప్పై నాలుగు.